ఐసీయూలో ఇన్ఫెక్షన్లను తగ్గించింది చెక్‌లిస్టేనా? పీటర్ ప్రొనోవోస్ట్ పరిశోధనపై ఒక విశ్లేషణ

ఐసీయూలో ప్రాణాపాయ స్థితిలో ఉన్న రోగి మెడ పక్కనో, కంటె ఎముక కిందనో, గజ్జల్లోనో చర్మం లోపలికి దిగే సన్నని ప్లాస్టిక్ గొట్టం ఒకటి కనిపిస్తుంది. వైద్య సిబ్బంది దాన్ని సెంట్రల్ లైన్ అంటారు. చేతి మీద పెట్టే మామూలు సెలైన్ సూది చిన్న సిరలో ఆగిపోతుంది. సెంట్రల్ లైన్ కొస మాత్రం గుండెకు రక్తాన్ని చేర్చే పెద్ద సిరలో ఉంటుంది. పడిపోయిన బీపీని నిలబెట్టే మందులు ఘాటైనవి. వాటిని చిన్న సిరల్లోకి ఎక్కువ సేపు ఎక్కిస్తే, అవి బయటికి కారి చుట్టుపక్కల కండను దెబ్బతీసే ప్రమాదం ఉంది. అందువల్ల తీవ్రంగా జబ్బుపడిన రోగికి ఈ గొట్టం తప్పించుకోలేని అవసరంగా మారుతుంది. అదే గొట్టం బయటి ప్రపంచానికీ రక్తప్రవాహానికీ మధ్య చర్మం కట్టిన గోడకు రంధ్రం చేసి, రోజుల తరబడి ఆ రంధ్రాన్ని తెరిచి ఉంచుతుంది.

సూక్ష్మజీవులు ఈ దారిలో రెండు విధాలుగా ప్రవేశిస్తాయి. గొట్టం పెట్టిన తొలి రోజుల్లో ఎక్కువగా చర్మం మీద నివసించే స్టెఫైలోకాకస్ జాతి బాక్టీరియా గొట్టం బయటి గోడను అంటిపెట్టుకుని లోపలికి పాకుతుంది. రోజులు గడిచేకొద్దీ మందులు ఎక్కించే మూత దగ్గర, అంటే ప్రతి షిఫ్టులో పలుమార్లు చేతులు తగిలే చోట, గొట్టం లోపలి దారి గుండా ప్రవేశించడం పెరుగుతుంది. లోపలికి చేరిన సూక్ష్మజీవులు ప్లాస్టిక్ మీద బయోఫిల్మ్ అనే జిగురు పొరను అల్లుకుంటాయి. ఆ పొర లోపల దాగిన బాక్టీరియాను మామూలు మోతాదు యాంటీబయాటిక్‌లు పూర్తిగా చంపలేవు కాబట్టి, చాలా సందర్భాల్లో గొట్టాన్నే తీసేసి, మరో చోట కొత్తది పెట్టవలసి వస్తుంది. అప్పటికే మూత్రపిండాలో ఊపిరితిత్తులో పనిచేయని రోగికి ఇది రెండో జబ్బు, ఆసుపత్రే అంటించిన జబ్బు.

ఈ ఇన్ఫెక్షన్లను 1990ల చివరి దాకా చాలామంది వైద్యులు ఐసీయూ చికిత్సకు చెల్లించక తప్పని మూల్యంగానే చూశారు. రోగి అంత బలహీనంగా ఉన్నాడు, శరీరంలో అన్ని గొట్టాలు ఉన్నాయి, కొందరికి ఇన్ఫెక్షన్ రాక మానదు అన్నది అప్పటి ఆలోచన. ఆ ఆలోచనను గట్టిగా ప్రశ్నించి, ప్రశ్నకు అంకెలతో జవాబు వెతికినవారిలో ముందు వరుసలో నిలిచే పేరు పీటర్ ప్రొనోవోస్ట్‌ది. అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రిలో ఆయన ఐసీయూ వైద్యుడిగా, పరిశోధకుడిగా పనిచేశారు. ఆయన కృషిని లోకం ఐదు గీతల చెక్‌లిస్ట్, అంటే చేయవలసిన పనులను వరుసగా రాసిన జాబితా, కథగా గుర్తుపెట్టుకుంది. ఆ కథ అబద్ధం కాకపోయినా, అందులో అసలు పనిచేసిన భాగం చాలావరకు మరుగున పడింది. వేరే ఆసుపత్రి ఆ పద్ధతిని తెచ్చుకోవాలనుకున్నప్పుడు ఏది తెచ్చుకోవాలి అన్నది ఆ మరుగున పడిన భాగం మీదే ఆధారపడుతుంది కాబట్టి, దాన్ని కాస్త దగ్గరగా చూడటం అవసరం.

ముందు ఆ ఐదు అంశాలు. గొట్టం పెట్టే ముందు చేతులు కడుక్కోవాలి. రోగి చర్మాన్ని క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిమిసంహారక ద్రావణంతో శుభ్రం చేయాలి. రోగి శరీరాన్ని నిండా స్టెరైల్, అంటే సూక్ష్మజీవులు లేకుండా శుద్ధి చేసిన, షీటుతో కప్పి, గొట్టం పెట్టే వ్యక్తి టోపీ, మాస్కు, స్టెరైల్ గౌను, గ్లౌజులు ధరించాలి. వీలైనంత వరకు గజ్జల్లోని సిరను వాడకూడదు. అవసరం తీరిన గొట్టాన్ని వెంటనే తీసేయాలి. వీటిలో ప్రొనోవోస్ట్ కనిపెట్టినది ఒక్కటీ లేదు, ఆయన అలా చెప్పుకోనూ లేదు. చిన్న గుడ్డకు బదులు నిండుగా కప్పే షీటు ఇన్ఫెక్షన్లను తగ్గిస్తుందని 1994 నాటికే ప్రయోగపూర్వకంగా తేలింది. పాత అయోడిన్ ద్రావణంతో పోలిస్తే క్లోర్‌హెక్సిడిన్ వాడినప్పుడు ఇన్ఫెక్షన్లు సుమారు సగానికి తగ్గుతాయని 2002లో వచ్చిన ఒక సమీక్ష లెక్కగట్టింది. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం, అంటే సీడీసీ, మార్గదర్శకాల నిండా ఇలాంటి సిఫార్సులే ఉన్నాయి. ఆ సుదీర్ఘమైన మార్గదర్శకాల నుంచి బలమైన ఆధారం ఉన్నవీ, రోగికి నష్టం తక్కువగా ఉన్నవీ, మంచం పక్కన గుర్తుపెట్టుకోగలిగినవీ ఐదింటిని ఏరడమే అక్కడ జరిగిన పని. చూడటానికి చిన్నదే అయినా, నిజానికి కష్టమైన సంపాదకత్వం అది.

ఐదింటిలో నాలుగో అంశం ఒక్కటి మాత్రం తర్వాతి కాలంలో కొంత చర్చకు గురైంది. గజ్జల్లోని సిరలో పెట్టిన గొట్టాలకు ఇన్ఫెక్షన్ ఎక్కువని 2001లో ఫ్రాన్స్ నుంచి వచ్చిన ప్రయోగం స్పష్టంగా చూపింది. 2015లో అదే దేశపు పరిశోధకులు మెడ, కంటె ఎముక కింద, గజ్జలు అనే మూడు చోట్లనూ పోల్చినప్పుడు, కంటె ఎముక కింద పెట్టిన గొట్టానికి ఇన్ఫెక్షన్, రక్తం గడ్డకట్టడం తక్కువగానూ, ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరే ప్రమాదం ఎక్కువగానూ తేలాయి. కాబట్టి చోటు ఎంపిక వైద్యుడి చేతి నేర్పును, రోగి పరిస్థితిని బట్టి మారుతూనే ఉంటుంది. చెక్‌లిస్ట్‌లోని “వీలైనంత వరకు” అన్న మాట అందుకే అక్కడ ఉంది.

హాప్‌కిన్స్ శస్త్రచికిత్స ఐసీయూలో జరిగిన తొలి పని, కాగితం పంచడం కాకుండా, చూడటం. ఈ ఐదు పనులు నిజంగా జరుగుతున్నాయా అని గమనించి రాసిపెట్టమని నర్సులను అడిగారు. మూడో వంతుకు పైగా రోగుల విషయంలో ఏదో ఒక మెట్టు తప్పిపోతోందని ఆ గమనింపులో తేలింది. ప్రపంచంలో పేరుపొందిన ఆసుపత్రి అది. అక్కడి వైద్యుల్లో ఏ ఒక్కరినీ క్లోర్‌హెక్సిడిన్ ఎందుకు వాడాలి అని అడిగినా తడుముకోకుండా చెప్పగలరు. తెలిసిన పని జరగకపోవడానికి కారణం వెతికితే మొదట దొరికింది వస్తువుల అమరిక. గౌను ఒక చోట, షీటు మరో చోట, గ్లౌజులు ఇంకో చోట, క్లోర్‌హెక్సిడిన్ మరెక్కడో ఉండేవి. అర్ధరాత్రి బీపీ పడిపోతున్న రోగి పక్కన నిలబడ్డ రెసిడెంట్, అంటే శిక్షణలో ఉన్న డాక్టర్, అన్ని చోట్లకూ తిరిగి అన్నీ తెచ్చుకోవడం కంటే చేతికి అందినదానితో పని కానిచ్చేయడం మానవ సహజం. అందుకని అవసరమైనవన్నీ ఒకే చక్రాల బండిలో సర్ది, దాన్ని మంచం దగ్గరికి తోసుకొచ్చే ఏర్పాటు చేశారు. సరైన పని చేయడం తేలిక కాగానే సాకులు చాలావరకు వాటంతటవే తగ్గాయి.

రెండో మార్పు ఇంతకంటే లోతైనది. వైద్యుడు ఏదైనా మెట్టు వదిలేస్తే, అత్యవసర పరిస్థితి కానప్పుడు, ఆపమని చెప్పే అధికారాన్ని ఆసుపత్రి యాజమాన్యం నర్సుకు ఇచ్చింది. ఈ వాక్యం చదవడానికి సులువుగా ఉంటుంది, ఆచరణలో అది ఆసుపత్రి లోపలి మర్యాదల మొత్తాన్నీ కదిలిస్తుంది. అప్పటిదాకా లోపం కనిపించినా నర్సు మౌనంగా ఉండటమే పద్ధతి. వైద్యుడికి గుర్తుచేయడం అతన్ని పదిమందిలో తక్కువ చేసినట్టుగా భావించేవారు. నర్సులు తమ పని వైద్యులను కాపలా కాయడం కాదన్నారు, వైద్యులు నలుగురి ముందు తమను సరిదిద్దడం ఏమిటన్నారు. ఇద్దరి అభ్యంతరానికీ దొరికిన జవాబు ఒకటే. రోగికి హాని జరిగే అవకాశం కళ్ల ముందు కనిపిస్తున్నప్పుడు చూస్తూ ఊరుకోవచ్చా అని అడిగితే, ఊరుకోవచ్చని అనగలిగినవారు ఎవరూ లేరు. కాగితం విలువ ఇక్కడ అర్థమవుతుంది. నర్సు తన సొంత అభిప్రాయంగా చెబితే అది వాదన అవుతుంది, కాగితంలోని గీతను చూపిస్తే అది అందరూ ముందే ఒప్పుకున్న నియమం అవుతుంది. జ్ఞాపకానికి సాయం చేయడం చెక్‌లిస్ట్‌కు చిన్న పాత్ర మాత్రమే. హోదాలో కింద ఉన్న వ్యక్తి పై వ్యక్తిని ఆపగలిగే ధైర్యానికి ఊతంగా నిలవడమే దాని పెద్ద పాత్ర.

ఈ ఐసీయూలో 1998 తొలి త్రైమాసికంలో ప్రతి 1,000 కాథెటర్ రోజులకు 11.3గా ఉన్న ఇన్ఫెక్షన్ రేటు 2002 చివరి త్రైమాసికానికి సున్నాకు చేరింది. ఇక్కడ కొలమానాన్ని కొంచెం వివరించుకోవాలి. ఒక రోగికి ఒక రోజు గొట్టం ఉంటే అది ఒక కాథెటర్ రోజు. పన్నెండు మంది రోగులకు నెల రోజుల పాటు గొట్టాలు ఉంటే 360 కాథెటర్ రోజులు. అంటే 11.3 అన్న రేటుకు ఆ నెలలో దాదాపు నలుగురికి రక్తంలో ఇన్ఫెక్షన్ వచ్చినట్టు లెక్క. పోలిక కోసం తీసుకున్న మరో ఐసీయూలో, ఈ ఏర్పాట్లు లేకపోయినా, అదే కాలంలో రేటు 5.7 నుంచి 1.6కు దిగిందని కూడా ఆ పరిశోధన పత్రమే చెప్పింది. ప్రచారంలో ఈ రెండో అంకె పెద్దగా వినిపించదు. ఒకే ఆసుపత్రిలో ఒక విభాగపు అలవాటు పక్క విభాగానికి పాకడం వల్ల అలా జరిగి ఉండవచ్చు, ఆ కాలంలో అన్నిచోట్లా జాగ్రత్త పెరగడం వల్లా కావచ్చు. ఏదైనా, ఈ సందేహం తర్వాతి పెద్ద ప్రయత్నాలన్నింటినీ నీడలా వెంటాడింది.

గొట్టాలతో పాటు ఐసీయూ సంరక్షణలోని మరో రెండు అంశాలపై ప్రొనోవోస్ట్ బృందం చేసిన పని కూడా ఈ సందర్భంలోనే చూడాలి. ఐసీయూల్లో ప్రత్యేక శిక్షణ పొందిన వైద్యులే రోగుల బాధ్యతను పూర్తిగా తీసుకున్నచోట మరణాలు తక్కువగా ఉన్నాయని 2002లో అమెరికా వైద్య సంఘం పత్రికలో వచ్చిన సమీక్ష చూపింది. ఆసుపత్రి మరణాల్లో సుమారు 30 శాతం, ఐసీయూ మరణాల్లో సుమారు 40 శాతం తేడా అందులో కనిపించింది. అవన్నీ ప్రయోగాలు కాక, జరిగినదాన్ని గమనించి పోల్చిన పరిశీలన అధ్యయనాలు కాబట్టి ఆ తేడా మొత్తాన్నీ వైద్యుల ఖాతాలోనే వేయలేం.

రెండోది రౌండ్స్‌కు సంబంధించినది, ఇంతకంటే ఆసక్తికరమైనది. ఉదయం వైద్య బృందం మంచం దగ్గర మాట్లాడుకుని ముందుకు సాగిన తర్వాత, ఈ రోజు ఈ రోగి విషయంలో ఏం సాధించాలన్నది మీకు అర్థమైందా అని రెసిడెంట్లనూ నర్సులనూ అడిగితే, అర్థమైందన్నవారు పదిమందిలో ఒకరి కంటే తక్కువ. అంతకుముందు ఇరవై నిమిషాల సేపు అక్కడే నిలబడి విన్నవాళ్లే వీళ్లంతా. రౌండ్స్‌లో చర్చ వ్యాధి గురించీ, పరీక్షా ఫలితాల గురించీ, పాఠం గురించీ సాగుతుంది. ఇవాళ వెంటిలేటర్ సాయం ఎంత తగ్గించాలి, ఏ గొట్టం తీయవచ్చు, నొప్పికి ఏమిస్తున్నాం, కుటుంబంతో ఎవరు మాట్లాడతారు అన్న మాటలు దాంట్లో కొట్టుకుపోతాయి. ఒక్కో రోగికి ఒక్కో కాగితం మీద ఆ రోజు లక్ష్యాలను రాసి, చదివి వినిపించి, మంచం దగ్గరే ఉంచడం మొదలుపెట్టాక, అర్థమైందన్నవారు 95 శాతం దాటారు. ఆ ఐసీయూలో రోగులు గడిపే సగటు కాలం 2.2 రోజుల నుంచి 1.1 రోజులకు తగ్గిందని 2003లో ప్రచురించిన పత్రం తెలిపింది. సెంట్రల్ లైన్ ఇంకా అవసరమా అన్న ప్రశ్న ఈ రోజువారీ కాగితంలోనే చోటు సంపాదించుకుంది. గొట్టం పెట్టేటప్పుడు ఎంత శుభ్రత పాటించినా, అక్కర తీరిన గొట్టం మరో నాలుగు రోజులు అలాగే ఉండిపోతే ఆ శుభ్రత ఫలితం క్రమంగా హరించుకుపోతుంది. తీసేసిన గొట్టానికి ఇన్ఫెక్షన్ రాదు.

ఈ పద్ధతి ఒక్క ఆసుపత్రి గొప్పతనమా, ఎక్కడైనా పనిచేస్తుందా అన్న ప్రశ్నకు జవాబు వెతికిన చోటు మిషిగన్ రాష్ట్రం. 2003లో అక్కడి ఆసుపత్రుల సంఘానికి చెందిన కీస్టోన్ కేంద్రంతో కలిసి ఈ ప్రాజెక్టు మొదలైంది. 103 ఐసీయూల నుంచి వచ్చిన సమాచారాన్ని, మొత్తం 3,75,757 కాథెటర్ రోజుల లెక్కను, 2006 డిసెంబర్‌లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ ప్రచురించింది. 1,000 కాథెటర్ రోజులకు 7.7గా ఉన్న సగటు రేటు 16 నుంచి 18 నెలలు గడిచేసరికి 1.4కు తగ్గింది. మధ్యస్థ రేటు, అంటే ఐసీయూలన్నింటినీ వరుసలో నిలబెడితే సరిగ్గా నడుమ వచ్చే ఐసీయూ రేటు, 2.7 నుంచి మూడు నెలల్లోనే సున్నా అయింది. తర్వాత 2010లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన పత్రం 36 నెలల దాకా ఆ తగ్గుదల నిలిచిందని చూపింది.

ఆ సున్నా పత్రికల శీర్షికల్లోకి ఎక్కింది. దాన్ని జాగ్రత్తగా చదవాలి. పత్రంలోని మొత్తం అంకెలను భాగిస్తే ఒక్కో ఐసీయూకు నెలకు దాదాపు 190 కాథెటర్ రోజులు, మూడు నెలలకు దాదాపు 570 వస్తాయి. రేటు 1.4 ఉన్నప్పుడు 570 రోజుల్లో ఎదురుచూడగలిగినది ఒక కేసు కంటే తక్కువ. అంటే అలాంటి త్రైమాసికంలో సుమారు సగం ఐసీయూల్లో ఒక్క కేసూ కనబడకపోవడం లెక్క ప్రకారమే సహజం. కాబట్టి మధ్యస్థం సున్నా కావడం ఇన్ఫెక్షన్లు అంతరించాయనడానికి గుర్తు కాదు. మొదట ఒక్కో ఐసీయూలో మూడు నెలలకు సగటున నాలుగైదు కేసులు వచ్చే చోట ఒకటి కూడా నిండకుండా పోవడం అసలు విజయం. అది సున్నా కాకపోయినా చిన్న విషయం కానే కాదు. ఆ అంకెలో ఒక్కొక్క కేసు ఒక్కొక్క మనిషి.

మిషిగన్‌లో పంచినది ఐదు గీతల కాగితం మాత్రమే అయి ఉంటే ఈ ఫలితం వచ్చేదా అన్నది తేల్చవలసిన ప్రశ్న. ప్రతి ఐసీయూలో ఒక వైద్యుడు, ఒక నర్సు ఈ పనికి నాయకులుగా ఉన్నారు. ఆసుపత్రి ఉన్నతాధికారి ఒకరు ఆ విభాగంతో జత కట్టి, సిబ్బంది చెప్పే ఇబ్బందులను వినవలసి వచ్చింది. కిట్‌లలో క్లోర్‌హెక్సిడిన్ లేని ఐసీయూలు అప్పట్లో చాలా ఉండేవి. ఆ లోటు నర్సు స్థాయిలో తీరేది కాదు, కొనుగోలు అధికారం ఉన్న మనిషి కదిలితేనే తీరుతుంది. అన్నిటికీ మించి ఇన్ఫెక్షన్ల అంకెలు ప్రతి నెలా, ప్రతి మూడు నెలలకూ సిబ్బందికి తిరిగి చేరేవి. తమ ఐసీయూలో ఎన్ని ఇన్ఫెక్షన్లు వస్తున్నాయో తెలియని వైద్యుడికి అది సమస్యగా కనబడదు. ఇదే మాటను మేరీ డిక్సన్-వుడ్స్ అనే బ్రిటిష్ సామాజిక శాస్త్రవేత్తా ఆమె సహచరులూ 2011లో వివరంగా విశ్లేషించారు. ఆసుపత్రులు ఒకదాన్ని ఒకటి చూసుకునే సమూహంగా ఏర్పడటం, ఇన్ఫెక్షన్‌ను విధిగా కాక సిబ్బంది చేతుల్లోని సమస్యగా చూడటం, అంకెలను క్రమశిక్షణకు సాధనంగా వాడటం కలిసి మిషిగన్ ఫలితాన్ని ఇచ్చాయని వారి వాదన. ఆ పత్రం రచయితల్లో ప్రొనోవోస్ట్ కూడా ఒకరు. అంతకుముందు 2009లోనే ఆయన సహరచయితగా లాన్సెట్ పత్రికలో వచ్చిన వ్యాసం, చెక్‌లిస్టే అన్నీ చేసిందన్న సరళమైన కథను నమ్మవద్దని హెచ్చరించింది. తనకు కీర్తి తెచ్చిన కథనే సరిదిద్దడానికి పూనుకోవడం పరిశోధకుడిగా ఆయన నిజాయితీని చూపుతుంది.

మిషిగన్ అధ్యయనానికి ఉన్న పెద్ద లోపం పోలిక బృందం లేకపోవడం. ఈ లోపం ఎంత ముఖ్యమో ఇంగ్లండ్ అనుభవం తెలిపింది. మిషిగన్‌ను అందుకోవాలన్న లక్ష్యంతో అక్కడ 2009 నుంచి 2011 దాకా పెద్ద ఎత్తున కార్యక్రమం నడిచింది. పెద్దల ఐసీయూల్లో ఇన్ఫెక్షన్లు సుమారు 60 శాతం తగ్గాయి. ఐసీయూలను విడతలుగా చేర్చుకోవడంతో, ఇంకా వంతు రానివాటిలోనూ రేటు తగ్గుతూనే ఉందని అక్కడ బయటపడింది. అప్పటికే దేశమంతటా ఇన్ఫెక్షన్లపై ఒత్తిడి పెరిగి ఉన్నందున తగ్గుదలలో ఎంత భాగం కార్యక్రమానిదో విడదీయడం కష్టమైంది. లెక్కల విషయంలోనూ చిక్కు వచ్చింది. 17 ఐసీయూలకు వెళ్లి దగ్గరగా గమనించిన డిక్సన్-వుడ్స్ బృందం, ఒకే నిర్వచనాన్ని ఒక్కో చోట ఒక్కో విధంగా అమలు చేస్తున్నారని గుర్తించింది. ఒక చోట జ్వరం రాగానే రక్తంలో బాక్టీరియా ఉందో లేదో తేల్చే కల్చర్ పరీక్షకు పంపుతారు, మరో చోట ఆగి చూస్తారు. తక్కువ పరీక్షలు చేసేచోట తక్కువ ఇన్ఫెక్షన్లు దొరుకుతాయి. ఎవరూ అబద్ధం చెప్పకుండానే అంకెలు తేడాగా వస్తాయి.

బ్రెజిల్‌లో 118 ఐసీయూలతో జరిగి 2016లో ప్రచురితమైన ప్రయోగం ఇంకో కోణాన్ని చూపింది. అక్కడ రోజువారీ రౌండ్స్‌లో చెక్‌లిస్ట్, లక్ష్యాల నిర్ణయం, వైద్యులకు గుర్తుచేసే ఏర్పాటు ప్రవేశపెట్టారు. మత్తుమందుల వాడకం, వెంటిలేటర్ అమరికలు, గొట్టాల వాడకం వంటి కొన్ని అలవాట్లు మెరుగుపడినా, ఆసుపత్రిలో మరణాల రేటు తగ్గలేదు. దీన్నిబట్టి చెక్‌లిస్ట్‌లు పనికిరావని తీర్పు చెప్పడం తొందరపాటు. సెంట్రల్ లైన్ విషయంలో గీతకూ ఇన్ఫెక్షన్‌కూ మధ్య దారి చాలా పొట్టిది. చర్మం శుభ్రం చేస్తే సూక్ష్మజీవి తగ్గుతుంది. రౌండ్స్ కాగితానికీ మరణానికీ మధ్య మాత్రం రోగి వయసు, జబ్బు తీవ్రత, నర్సుల సంఖ్య, పరికరాలు వంటి ఎన్నో మలుపులు ఉన్నాయి. ఒకే సాధనం దగ్గరి లక్ష్యాన్ని తాకి, దూరపు లక్ష్యాన్ని తాకకపోవడంలో వింత లేదు.

వెంటిలేటర్ వల్ల వచ్చే న్యుమోనియా మీద కూడా మిషిగన్‌లో ఇలాంటి ప్రయత్నమే జరిగింది. మంచం తల వైపు ఎత్తి ఉంచడం, రోజుకోసారి మత్తుమందు ఆపి చూడటం వంటివి అందులో భాగం. కేసులు బాగా తగ్గాయని 2011లో నివేదించారు. ఆ అంకెలను సెంట్రల్ లైన్ అంకెలంత గట్టిగా నమ్మలేం. ఎక్స్‌రేలో కనిపించే మసక న్యుమోనియానా, నీరు చేరడమా అన్నది చూసేవారి నిర్ణయం మీద ఆధారపడుతుంది. ఆ ఇబ్బంది వల్లనే సీడీసీ 2013లో పెద్దల విషయంలో పాత నిర్వచనాన్ని పక్కనపెట్టి, వెంటిలేటర్ అమరికల్లో మార్పుల ఆధారంగా కొత్త పద్ధతిని తెచ్చింది.

మిషిగన్ ప్రాజెక్టు అనుకోని దిశ నుంచి కూడా చిక్కులో పడింది. ఇది మనుషులపై జరుగుతున్న పరిశోధన కాబట్టి నైతిక సంఘపు పూర్తి పరిశీలన, రోగుల సమ్మతి విషయాల్లో నిబంధనలు పాటించలేదని 2007లో అమెరికా ప్రభుత్వ పరిశోధన రక్షణ కార్యాలయం అభ్యంతరం చెప్పింది. దాంతో సమాచార సేకరణ నిలిచిపోయింది. చేతులు కడుక్కోవడానికి రోగి సంతకం కావాలా అన్న విమర్శలు వెల్లువెత్తాయి. 2008 ఫిబ్రవరిలో ఆ కార్యాలయం పనిని కొనసాగనిచ్చింది. వైద్య సేవను మెరుగుపరచడం ఎక్కడ ముగిసి పరిశోధన ఎక్కడ మొదలవుతుందన్న ప్రశ్న మాత్రం న్యాయమైనదే, దానికి స్పష్టమైన గీత ఇప్పటికీ లేదు.

తర్వాతి ఏళ్లలో ఈ పద్ధతి అమెరికా అంతటికీ విస్తరించింది. ఐసీయూల్లో సెంట్రల్ లైన్ రక్త ఇన్ఫెక్షన్లు 2001లో సుమారు 43,000 ఉండగా 2009 నాటికి సుమారు 18,000కు తగ్గాయని సీడీసీ అంచనా వేసింది. 2008 అక్టోబర్ నుంచి ఇలాంటి ఇన్ఫెక్షన్ వల్ల పెరిగిన ఖర్చును ఆసుపత్రికి చెల్లించడం అమెరికాలో ప్రధానంగా వృద్ధులకు ఉన్న ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ మానేసింది. డబ్బు ముడిపడగానే యాజమాన్యాల శ్రద్ధ పెరగడం మంచిదే అయినా, లెక్కలో పడే ఇన్ఫెక్షన్ అంటే భయం కూడా దాంతో పాటే పెరుగుతుంది. రక్తంలో దొరికిన బాక్టీరియా గొట్టం నుంచి వచ్చిందా, పొట్టలోని పుండు నుంచి వచ్చిందా అన్న సందేహం తలెత్తినప్పుడు రెండోదే అనుకోవాలన్న మొగ్గు తెలియకుండానే ఏర్పడుతుంది. నేర్చుకోవడానికి లెక్కపెట్టే అంకె, శిక్షించడానికి లెక్కపెట్టే అంకె ఒకేలా ఉండవు.

ఇన్నేళ్ల తగ్గుదల ఎంత పెళుసుదో 2020 చూపించింది. కోవిడ్ తీవ్రంగా ఉన్న ఆ ఏడాది చివరి మూడు నెలల్లో, అంతకుముందు ఏడాది అదే కాలంతో పోలిస్తే, అమెరికా ఆసుపత్రుల్లో ఈ ఇన్ఫెక్షన్లు దాదాపు 47 శాతం పెరిగాయి. ఐదు అంశాల్లో ఏదీ మారలేదు, కిట్‌లో క్లోర్‌హెక్సిడిన్ ఉంది, కాగితమూ ఉంది. రోగులు వారాల తరబడి వెంటిలేటర్ మీద ఉన్నారు. బోర్లా పడుకోబెట్టిన రోగి మెడ దగ్గరి కట్టు తడిసి ఊడినా కంటపడేది కాదు. కొత్తగా వచ్చిన నర్సుకు ఆ విభాగపు అలవాట్లు తెలియవు, తెలిసిన నర్సుకు రోగుల సంఖ్య పెరిగింది. గొట్టం ఇంకా అవసరమా అని అడగవలసిన ఉదయపు రౌండ్స్ హడావుడిగా ముగిసేవి. అంటువ్యాధి భయంతో, రక్షణ దుస్తుల కొరతతో గదిలోకి వెళ్లే మనుషులను చాలా చోట్ల వీలైనంత తగ్గించారు. గొట్టం పెడుతున్న వైద్యుణ్ని గమనిస్తూ, అవసరమైతే ఆపవలసిన నర్సు చాలాసార్లు తలుపు అవతలే ఉండిపోవలసి వచ్చింది.